ప్లైవుడ్ పడవకు ఎపాక్సీ పూత: నీళ్ళు దిగకుండా మరమ్మతు చేసుకోవడం ఎలా?

"ఎపాక్సీ కొట్టాం. అయినా ఏడాది తిరగకముందే ప్లై ఉబ్బి పొరలు లేచాయి. రెజిన్ నకిలీదంటారా?"

ఏటా ఎండలు ముదిరేసరికి ఈ ప్రశ్న అడిగేవాళ్ళు వస్తూనే ఉంటారు. ఎపాక్సీ అంటే రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత. చాలాసార్లు రెజిన్ తప్పేమీ ఉండదు. ఉబ్బిన చోట ఉలితో లేపి చూస్తే మూడింటిలో ఒకటి కనిపిస్తుంది. ఆరని చెక్క మీద పూసి ఉంటారు. లేదా కోసిన అంచులు, బోల్టు రంధ్రాలు వదిలేసి ఉంటారు. అదీ కాకపోతే బయటంతా అద్దంలా పూసి, లోపలి వైపు ముట్టుకోకుండా ఉంటారు. ఎపాక్సీ బిగుతైన మూత లాంటిది. లోపల పొడి ఉంటే పొడిని కాపాడుతుంది, తడి ఉంటే తడిని కాపాడుతుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే కింద చెప్పేవన్నీ ఎందుకు చెబుతున్నానో మీకే తెలిసిపోతుంది.

మన తీరంలో ఇప్పుడు ఫైబర్ పడవలే ఎక్కువ. ప్లైవుడ్ పడవల మీద వేటకెళ్ళడం 1980ల నుంచీ కేరళ, కన్యాకుమారి వైపు అలవాటు. అయినా ప్లై మనకు కొత్తదేం కాదు. భీమవరం, కైకలూరు వైపు చేపల చెరువుల్లో తిరిగే చిన్న పడవల అడుగుపలకలు, డెక్కు మూతలు, బల్లలు, ఫైబర్ పడవల్లో ఇంజను బిగించే వెనక పలక లోపలి భాగం, ఇలా ఎక్కడో ఒకచోట ప్లై ఉంటుంది. ఇక్కడ ఉదాహరణకి 9 మి.మీ. ప్లైతో చేసిన చిన్న పడవ అడుగున మూరెడు మేర కుళ్ళింది అనుకుందాం. డెక్కు మూతకైనా ఇంజను పలకకైనా పద్ధతి ఇదే.

ఎప్పుడు చేయాలి

సంక్రాంతి దాటాక మొదలుపెట్టి మార్చి చివరికి ముగించగలిగితే అంతకన్నా మంచి సమయం లేదు. గాలి పొడిగా ఉంటుంది, ఎండ మరీ మాడ్చదు. సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళకు ఆ వీలు ఉండదు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధంలోనే మరమ్మతులు చేసుకోవాలి. అప్పుడు చెక్క బాగా ఆరుతుంది కానీ రెజిన్ తొందరగా గట్టిపడుతుంది. కాబట్టి కొనేటప్పుడే నెమ్మదిగా పనిచేసే హార్డెనర్ కావాలని అడగండి. ముసురు రోజుల్లో మాత్రం ఎంత తొందరున్నా ఎపాక్సీ డబ్బా మూత తీయొద్దు.

ఏమేం కావాలి

ప్లై: షీటు మీద ఐఎస్ 710 (మెరైన్ ప్లైకి భారతీయ ప్రమాణం) అని ముద్ర ఉన్న మెరైన్ ప్లై. అలమారాలకు వాడే కమర్షియల్ ప్లైలో పొరల మధ్య ఉన్న జిగురే నీటికి ఓడిపోతుంది. పైన ఎంత ఎపాక్సీ పూసినా ఒక్క గీత పడితే చాలు, పొరలు విడిపోతాయి. ముద్రను కూడా గుడ్డిగా నమ్మకండి. అరచేయంత ముక్క కోసి నాలుగైదు గంటలు నీళ్ళలో మరిగించండి. ఎండబెట్టి మళ్ళీ మరిగించండి. అసలు ప్రమాణం ప్రకారం 72 గంటలు ఉడికించినా పొరలు విడకూడదు. మీ ఇంటి పరీక్షకే విడిపోతే ఆ షీటు వెనక్కి ఇచ్చేయండి. కోసిన అంచులో పొరల మధ్య ఖాళీలు ఉన్నాయేమో కూడా చూడండి. ఆ ఖాళీ గొట్టంలా నీటిని పడవంతా తిప్పుతుంది.

ఎపాక్సీ: పూతకు, గాజు నారతో నేసిన గ్లాస్ క్లాత్‌కు పనికొచ్చే పల్చటి రకం రెజిన్, దానికి జతగా ఇచ్చే హార్డెనర్. ఇళ్ళలో విరిగినవి అతికించే చిన్న ట్యూబుల ఎపాక్సీ ఈ పనికి మరీ చిక్కన, చెక్కలోకి దిగదు. ఒక చదరపు మీటరుకు ఒక వైపు మూడు కోట్లకు సుమారు 400 నుంచి 450 గ్రాముల మిశ్రమం పడుతుంది. 8x4 అడుగుల షీటు రెండు వైపులా పూయాలంటే రెండున్నర కిలోలు లెక్కేసుకోండి. అంచులు తాగేది, గిన్నెలో మిగిలిపోయేది వేరు.

చదరపు మీటరుకు 200 గ్రాములు తూగే నేత గ్లాస్ క్లాత్. చిక్కబరచడానికి సిలికా పొడి, జల్లించిన సన్నటి రంపపు పొట్టు. గ్రాము తేడా చూపించే వంటింటి కాటా. నాలుగంగుళాల ఫోమ్ రోలర్లు, చవక బ్రష్షులు, ప్లాస్టిక్ గ్లాసులు, ఐస్‌క్రీం పుల్లలు. 80, 120 నంబరు సాండ్ పేపరు, గిన్నెలు తోమే పచ్చ పీచు. నైట్రైల్ చేతిగ్లవ్స్ డబ్బా ఒకటి, దుమ్ము మాస్కు, కళ్ళద్దాలు.

చేతిగ్లవ్స్ దగ్గర పిసినారితనం వద్దు. హార్డెనర్ ఒంటికి తగిలిన ప్రతిసారీ చర్మం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. కొన్నాళ్ళకు వాసన తగిలినా దద్దుర్లు, వాపు వచ్చే స్థితికి కొందరు చేరతారు. ఒకసారి ఆ ఎలర్జీ పట్టుకుంటే ఈ పనికి జన్మలో చేయి పెట్టలేరు. చేతికి అంటితే థిన్నరుతో, ఎసిటోనుతో కడగొద్దు. అవి రెజిన్‌ను కరిగించి చర్మం లోపలికి పంపుతాయి. గుడ్డతో తుడిచి సబ్బుతో కడుక్కోండి. పనిముట్లకైతే వెనిగర్ బాగా పనిచేస్తుంది.

పని వరుస

1. ముందు మంచినీళ్ళతో కడగండి. ఉప్పునీటిలో తిరిగిన పడవైతే రెండు మూడుసార్లు. చెక్కలో మిగిలిన ఉప్పు గాలిలోని చెమ్మను లాక్కుంటూనే ఉంటుంది, ఎన్ని రోజులు ఎండబెట్టినా పూర్తిగా ఆరనివ్వదు. తర్వాత సూదిమొన ఉన్న పనిముట్టుతో అంగుళం అంగుళం గుచ్చి చూడండి. గట్టి ప్లైలో మొన ఆగుతుంది, కుళ్ళినదాంట్లో వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. సుత్తి పిడితో తట్టినా తెలుస్తుంది. మంచి చోట కణకణ, పొరలు విడిన చోట డబడబ. చాక్‌పీసుతో గీత గీసుకోండి.

పడవల్ని కుళ్ళబెట్టేది ఎక్కువగా వాననీరు. బూజు జాతికి ఉప్పు పడదు, మంచినీరు పడుతుంది. అందుకే కుళ్ళు అడుగున బయటి వైపు కన్నా లోపల మూలల్లో, చట్రాల కింద, వాన నిలిచే చోట మొదలవుతుంది. బయట మచ్చ చిన్నదైనా లోపలికి వెళ్ళి చూడండి.

2. గీతకు అవతల మరో 5 సెం.మీ. మంచి చెక్క కలిపి కోసేయండి. "కుళ్ళిన చోట ఎపాక్సీ తాగిస్తే గట్టిపడదా?" అని అడుగుతారు. గట్టిపడినట్టు కనిపిస్తుంది. కింద బూజు అలాగే ఉంటుంది, చెక్కకు బలం తిరిగి రాదు. మనుషుల్ని మోసే పలకకు ఆ పని చేయొద్దు. మూలలు గుండ్రంగా కోయండి, చదరపు మూలల దగ్గర పగుళ్ళు పుడతాయి.

3. ఆరబెట్టండి. అందరూ తొందరపడేది ఇక్కడే. పడవను గాలి ఆడేలా బల్లల మీద బోర్లించి కనీసం రెండు మూడు వారాలు ఉంచండి. నీళ్ళలో నెలల తరబడి ఉన్నదైతే ఇంకా ఎక్కువ. పగలు ఎండకు తిప్పండి, రాత్రి మంచు పడకుండా కప్పండి. కానీ టార్పాలిన్‌ను ఒంటికి చుట్టినట్టు కప్పొద్దు, కింద చెమ్మ పడుతుంది.

ఆరిందో లేదో చేత్తో తడిమి చెప్పలేం. చెమ్మ కొలిచే మీటరుంటే 12 శాతం లోపు రావాలి. మీటరు లేకపోతే మూరెడు పారదర్శక ప్లాస్టిక్ ముక్క తీసుకుని నాలుగు వైపులా టేపుతో చెక్కకు బిగుతుగా అంటించండి. ఒక పగలు, ఒక రాత్రి ఉంచి తెల్లారాక చూడండి. ప్లాస్టిక్ లోపలి వైపు ఆవిరి పట్టినా, కింద చెక్క రంగు ముదిరినా ఇంకా తడి ఉన్నట్టే. మరో వారం ఆగండి. ఈ పరీక్ష రెండు మూడు చోట్ల చేయాలి, ముఖ్యంగా కోసిన అంచు పక్కన.

4. అతుకు ముక్క సిద్ధం చేయండి. ఇందుకు రెండు దారులున్నాయి. బలమైనది ఏటవాలు అతుకు. పాత ప్లై అంచునూ కొత్త ముక్క అంచునూ మందానికి 8 రెట్ల పొడవున చిత్రిక పట్టాలి. 9 మి.మీ. ప్లైకి 72 మి.మీ., 6 మి.మీ. అయితే 48. ఏటవాలు సరిగ్గా వచ్చిందో లేదో ప్లై పొరలే చెబుతాయి. పొరల గీతలు సమాన వెడల్పున, వంకర లేకుండా పట్టీల్లా కనిపించాలి.

చిత్రిక మీద చేయి తిరగనివాళ్ళకు రెండో దారి. రంధ్రానికి సరిపడా ముక్క కోసి సమంగా కూర్చోబెట్టి, లోపలి వైపు నుంచి అన్ని పక్కలా 8 నుంచి 10 సెం.మీ. ఎక్కువ ఉండే ప్లై పలకను తాపడంగా అతికించడం. కొంచెం బరువు, చూపుకు అంత బాగుండదు. అయినా చెరువు పడవకు నేను దీన్నే సిఫారసు చేస్తాను. తప్పు పోయే అవకాశం తక్కువ.

ఎపాక్సీ తగలబోయే చోట పాత రంగు పూర్తిగా పోయి చెక్క కనపడాలి. 80 నంబరుతో రుద్ది దుమ్ము దులపండి.

5. కొలిచి కలపండి. ఫైబర్ పనిచేసిన చేతులు ఇక్కడ పాత అలవాటుతో దెబ్బతింటాయి. పాలిస్టర్ రెజిన్‌లో హార్డెనర్ ఒకటి రెండు శాతం పోస్తారు. ఎండ ఎక్కువైతే కాస్త తగ్గిస్తారు, చలిగా ఉంటే కాస్త పెంచుతారు. ఎపాక్సీలో ఆ లెక్క చెల్లదు. ఇక్కడ హార్డెనర్ కూడా రెజిన్‌తో ముడిపడి గట్టి పదార్థంలో భాగమైపోతుంది. ఎక్కువ పోస్తే తొందరగా గట్టిపడదు, మిగిలిపోయిన హార్డెనర్ లోపలే ఉండి పూత రబ్బరులా మెత్తగా నిలిచిపోతుంది. తక్కువ పోసినా అంతే. తొందరగా కావాలంటే వేగంగా పనిచేసే హార్డెనర్ కొనుక్కోవాలి, పాళ్ళు మార్చకూడదు.

డబ్బా మీద పాళ్ళు బరువు ప్రకారం ఇచ్చారో, పరిమాణం ప్రకారం ఇచ్చారో చదవండి. రెండూ ఒకటి కావు, హార్డెనర్ రెజిన్ కన్నా తేలిక. బరువు ప్రకారం 100కు 50 అని ఉంటే 120 గ్రాముల రెజిన్‌కు 60 గ్రాముల హార్డెనర్. కాటా మీద గ్లాసు పెట్టి సున్నా చేసి పోయండి. "కంటి అంచనా" అనే మాట ఈ పనిలోంచి తీసేయండి.

రెండు నిమిషాలు నెమ్మదిగా, అంచులు, అడుగు గీకుతూ కలపండి. తర్వాత ఇంకో శుభ్రమైన గ్లాసులోకి వంపి మరో నిమిషం కలపండి. మొదటి గ్లాసు గోడలకు అంటిన కలవని రెజిన్ ఇలా వదిలిపోతుంది. పూతలో అక్కడక్కడా ఎప్పటికీ ఆరని జిగురు మచ్చలు ఉంటాయే, అవి గ్లాసు అడుగు గీకి పూసిన చోట్లు.

ఒక్కో విడతకు 200 గ్రాములు దాటించొద్దు. కలిపిన వెంటనే వెడల్పు ట్రేలోకి వంచేయండి. గ్లాసులో ముద్దగా ఉంటే తన వేడికి తానే ఉడికి, పొగలొచ్చి, ప్లాస్టిక్ కరిగిపోతుంది. వేడెక్కుతోందని చేతికి తెలిసిన క్షణాన దాన్ని ఆరుబయట ఇసుక మీద పెట్టి దూరంగా రండి, చెత్తబుట్టలో వేయొద్దు. ఎండాకాలం లెక్క గుర్తుంచుకోండి: 25 డిగ్రీల దగ్గర అరగంట నిలిచే మిశ్రమం 35 డిగ్రీల దగ్గర పావుగంటకే బిగుస్తుంది.

చిక్కగా ఉందని థిన్నరు కలిపేవాళ్ళున్నారు. చెక్కలోకి బాగా దిగుతుంది, నిజమే. ఆ థిన్నరు ఆవిరైపోయాక వదిలే సన్నటి దారుల్లోంచి తర్వాత నీటి ఆవిరీ దిగుతుంది. పల్చబడాలంటే రెజిన్ డబ్బాను కలపకముందే గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే చాలు.

6. అంచులకు తాగించండి. ఈ వ్యాసంలో ఒక్క అడుగే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. ప్లై ముఖం మీద నీరు పడితే నెమ్మదిగా ఇంకుతుంది. కోసిన అంచులో మాత్రం చెక్క గొట్టాలన్నీ నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. ఆ గొట్టాలు నీటిని ఎలా పీలుస్తాయో ఎపాక్సీనీ అలాగే పీలుస్తాయి, ముందు ఏది అందిస్తే అది. బ్రష్షుతో అంచు తడిసేలా పూయండి. పది నిమిషాల్లో మెరుపు పోయి, పొడిగా కనిపిస్తుంది. మళ్ళీ పూయండి. ఇలా తాగడం ఆపి, తడి మెరుపు నిలిచేదాకా నాలుగైదు సార్లైనా సరే పూయాలి. పొరల మధ్య ఖాళీ కనిపిస్తే రంపపు పొట్టు కలిపిన చిక్కటి మిశ్రమం దాంట్లోకి కూరండి.

అతుకు ముక్క అంచులు, పాత పడవలో కోసిన అంచులు, చట్రం కింద దాక్కున్న అంచులు, అన్నీ. బిగించేశాక అందని అంచుల్ని బిగించకముందే పూయాలి.

7. అతికించండి. ముందు రెండు వైపులా పల్చటి ఎపాక్సీ పూయండి. తర్వాత సిలికా, పొట్టు కలిపిన చిక్కటి మిశ్రమం పెట్టండి. చిక్కదనానికి నా కొలత వంటింటిదే. అట్లపిండిలా జారితే గ్లాస్ క్లాత్ నేత నింపడానికి పనికొస్తుంది. ఇడ్లీపిండిలా ఉంటే పడుకున్న అతుకులకు. గారెలపిండిలా పుల్లకు అంటుకుని వేలాడితే నిలువు అతుకులకు, మూలల్లో గుండ్రటి పూడికకు. పల్చటి ఎపాక్సీ పూయకుండా నేరుగా చిక్కటిది పెడితే చెక్క అందులోని రెజిన్ పీల్చేసుకుంటుంది, పొడి మిగిలి అతుకు ఊడుతుంది.

క్లాంపులు మరీ బిగించొద్దు. ఎపాక్సీకి సన్నటి పొర మిగలాలి, మొత్తం పిండేస్తే అతుకులో ఎపాక్సీ చాలక బలం ఉండదు. అంచు పొడవునా కొంచెం కొంచెం పొంగి వస్తే సరిపోయింది. క్లాంపు కింద ప్లాస్టిక్ కాగితం వేయడం మరిచిపోకండి, లేకపోతే క్లాంపు కూడా పడవలో భాగమైపోతుంది. బరువు ఎత్తకుండా ఒక రోజు వదిలేయండి.

8. ముఖాలకు పూయండి, లోపలా బయటా. సాయంత్రం నాలుగు తర్వాత మొదలుపెట్టండి. పొద్దున్నే పూస్తే ఎండ ఎక్కేకొద్దీ చెక్కలోని గాలి ఉబ్బి బయటకు తన్నుకొచ్చి పూత నిండా బుడగలు లేపుతుంది. ఆ బుడగలు పగిలిన చోటల్లా సూది మొనంత రంధ్రం. చెక్క చల్లబడే వేళ పూస్తే లోపలి గాలి ముడుచుకుని రెజిన్‌ను లోపలికి గుంజుకుంటుంది. అలాగని చీకటిపడి మంచు కురిసే వేళకు జరపొద్దు, మంచు పడకముందే పూత బిగుసుకోవడం మొదలవ్వాలి. పైన పందిరిలా టార్పాలిన్ కట్టుకోండి.

మొదటి కోటు రోలరుతో పల్చగా. ఇరవై నిమిషాలకు ఒకసారి చూసి, తాగేసి మెరుపు పోయిన చోట మళ్ళీ తడపండి. రెండో కోటు ఎప్పుడంటే, వేలు పెడితే అంటుకున్నట్టు అనిపించి రెజిన్ మాత్రం వేలికి రాని దశలో. అప్పుడు రుద్దాల్సిన పని లేదు, రెండు కోట్లూ ఒకటైపోతాయి. మూడోది కూడా అలాగే. రాత్రి గడిచిపోయి గట్టిపడితే కడిగి, 120 నంబరుతో మెరుపు పోయేదాకా రుద్దాకే తర్వాతి కోటు. లావుగా ఒకటే కోటు వేసి ముగిద్దామనుకోకండి. జారి కిందికి దిగుతుంది, సూది రంధ్రాలూ మూసుకోవు.

లోపలి వైపు సంగతి. మొదట్లో నేనొక చెరువు పడవకు బయట క్లాత్‌తో సహా శ్రద్ధగా చేసి, లోపల పాత రంగు బాగానే ఉందని వదిలేశాను. ఆ వానాకాలం లోపల నిలిచిన నీరు రంగు పగుళ్ళలోంచి ప్లైలోకి దిగింది. బయటి పూత దాన్ని ఆరనివ్వలేదు. మరుసటి వేసవికి గ్లాస్ క్లాత్ చెక్కుచెదరకుండా ఉంది, దాని లోపల చెక్క చేత్తో నలిపితే పొడి అవుతోంది. ఆ పడవ ఆయన మళ్ళీ ఖర్చు పెట్టుకోవలసి వచ్చింది, నాకు ఇప్పటికీ బాధే. రెండు వైపులా పూయలేని పరిస్థితి ఉంటే అసలు పూయకుండా మామూలు రంగుతో సరిపెట్టుకోవడమే నయం. కనీసం చెక్క ఆరుతుంది.

9. బయటి వైపు గ్లాస్ క్లాత్ వేయండి. ఇసుకకూ రాయికీ రాసుకునే అడుగుకు ఉత్త ఎపాక్సీ పూత చాలదు, గీతలు పడి నీటికి దారి ఇస్తుంది. బయటి వైపు మాత్రం మొదటి కోటు గట్టిపడ్డాక కడిగి, రుద్ది, క్లాత్ పరచండి. రెజిన్ మధ్యలో పోసి ప్లాస్టిక్ పలకతో అంచులవైపు తోయండి. తడిసిన క్లాత్ కనపడకుండా పోతుంది. తెల్లగా కనిపిస్తే అక్కడ రెజిన్ చాలలేదు, తళతళ మెరుస్తుంటే ఎక్కువై క్లాత్ తేలుతోంది. నేత కంటికి అంది, మెరుపు లేకుండా ఉండాలి. ముక్కల అతుకుల దగ్గర 5 సెం.మీ. ఒకదానిమీదొకటి రావాలి. పదునైన అంచు మీద క్లాత్ వంగదు, పైకి లేస్తుంది. అంచుల్ని ముందే చిటికెన వేలు చుట్టుకునేంత గుండ్రంగా రుద్దుకోండి. ఆ తర్వాత రెండు మూడు కోట్లతో నేత నింపాలి.

ఫైబర్ షాపుల్లో దొరికే ముక్కల మ్యాట్ వాడొచ్చా అని అడుగుతారు. వద్దు. ఆ మ్యాట్‌ను పట్టి ఉంచే బంక పాలిస్టర్ రెజిన్‌లో ఉండే స్టైరీన్‌కు కరిగేలా తయారుచేస్తారు. ఎపాక్సీలో స్టైరీన్ లేదు, బంక కరగదు, మ్యాట్ మూలల్లో మెత్తబడకుండా తెల్లగా బిర్రుగా నిలుస్తుంది. ఇంకొక జాగ్రత్త: పాత పాలిస్టర్ మీద రుద్ది ఎపాక్సీ వేయొచ్చు కానీ, ఎపాక్సీ మీద పాలిస్టర్ వేస్తే సరిగ్గా గట్టిపడక ఊడిపోయే ప్రమాదముంది. ఒకసారి ఎపాక్సీలోకి దిగాక అందులోనే ముగించండి.

10. బోల్టు రంధ్రాలు. 6 మి.మీ. బోల్టుకు 6 మి.మీ. రంధ్రం చేసి బిగించేస్తే రంధ్రం గోడలు పూత లేని చెక్కే. ముందు 12 మి.మీ. రంధ్రం చేయండి. కింద టేపు అంటించి, పల్చటి ఎపాక్సీ తాగించి, చిక్కటి మిశ్రమంతో నింపండి. మరునాడు నడిమధ్యలో 6 మి.మీ. రంధ్రం తొలవండి. ఇక బోల్టు వదులై నీరు చేరినా ఎపాక్సీ గొట్టం దాటదు. ఇంజను పలకలు కుళ్ళేది దాదాపు ఎప్పుడూ ఇక్కడి నుంచే, కాబట్టి ఫైబర్ పడవవాళ్ళు ఈ ఒక్క అడుగైనా చేసుకోండి.

11. కడగండి, రుద్దండి, రంగు వేయండి. గట్టిపడ్డ ఎపాక్సీ మీద, ముఖ్యంగా తేమ రోజుల్లో, మైనం లాంటి జిడ్డు తేలుతుంది. అది నీళ్ళకు కరుగుతుంది. పచ్చ పీచు, మంచినీళ్ళతో తోమి, కొత్త గుడ్డతో తుడవండి. కడగకుండా రుద్దితే సాండ్ పేపరు ఆ జిడ్డును గీతల్లోకి పూడుస్తుంది, మీద వేసిన రంగు పెచ్చులుగా లేస్తుంది. ఈ వరుస తిప్పొద్దు: కడగడం, ఆరడం, తర్వాతే రుద్దడం. పూత పూర్తిగా గట్టిపడక ముందు లేచే దుమ్ము ఒంటికి మరీ చెడ్డది, మాస్కు, చేతిగ్లవ్స్ తీయొద్దు.

రంగు అలంకారానికని వదిలేయకండి. ఎండ తగిలిన ఎపాక్సీ పసుపెక్కి, సుద్దలా రాలి, కొన్నాళ్ళకు పగుళ్ళిస్తుంది. ఎపాక్సీ ప్రైమరు, దానిమీద రెండు భాగాలు కలిపే పాలీయురెథేన్ రంగు మేలు. ఇంటి గేట్లకు వేసే ఎనామిల్ నేరుగా ఎపాక్సీ మీద వేస్తే కొన్నిసార్లు వారాలైనా ఆరదు. అదే వాడాలనుకుంటే మధ్యలో ప్రైమరు తప్పనిసరి.

చివరి కోటు తర్వాత నీళ్ళలోకి దించడానికి వారం ఆగండి.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

కలిపిన ప్రతి విడత గ్లాసు మీద నంబరు రాసి, అడుగున కాస్త మిగిల్చి దాచండి. ఏ విడత ఎక్కడ పూశారో కాగితం మీద రాసుకోండి. మరునాటికి గోరు దిగకుండా గట్టిపడితే ఆ విడత మంచిది. మెత్తగా ఉన్న గ్లాసు దొరికితే పడవంతా వెతక్కుండా ఏ చోటు గీకాలో తెలిసిపోతుంది.

వారం తర్వాత ఎసిటోను గుడ్డతో ఒక మూల తుడవండి. జిగటగా మారితే పాళ్ళు తప్పాయి. దాని మీద హార్డెనర్ పూస్తే గట్టిపడుతుందని ఎవరు చెప్పినా వినొద్దు. వేడిగాలి తగిలిస్తూ గీకి తీసేయడం తప్ప మందు లేదు. శ్రమే, కానీ మెత్తటి పూత మీద ఎన్ని కోట్లు వేసినా అవన్నీ దానితో పాటే ఊడతాయి.

టార్చిలైటు పూతకు పక్కగా వాల్చి చూడండి. సూది రంధ్రాలు నీడలేసి కనిపిస్తాయి. వాటిని రుద్ది, గారెలపిండి చిక్కదనం ఉన్న మిశ్రమం ప్లాస్టిక్ పలకతో అదిమి పూడ్చి, మళ్ళీ ఒక కోటు. ఉత్త పల్చటి కోటు వేస్తే బుడగ మళ్ళీ అక్కడే లేస్తుంది. రూపాయి బిళ్ళతో అంతటా తట్టండి, బోలు మోత వస్తే క్లాత్ కింద గాలి చిక్కుకుంది. చిన్నదైతే సిరంజితో రెజిన్ ఎక్కించొచ్చు, అరచేయి దాటితే కోసి మళ్ళీ వేయాలి.

నాకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష నమూనా ముక్క. పని మొదలుపెట్టిన రోజే అదే ప్లై ముక్క ఒకటి తీసుకుని, పడవతో పాటే అన్ని వైపులా అన్ని కోట్లూ వేయండి. పూయని ముక్క ఇంకొకటి పక్కన పెట్టండి. వారం తర్వాత రెండూ తూచి, బరువు కట్టి బకెట్టు నీళ్ళలో ముంచండి. మరో వారానికి తీసి తుడిచి తూచండి. పూయనిది బాగా బరువెక్కి ఉంటుంది. పూసినది కాటా మీద కదలకూడదు. రెండు మూడు గ్రాములు పెరిగిందంటే ఎక్కడో అంచు తాగింది. ఆ ముక్క ఏ మూల నల్లబడిందో చూస్తే పడవలో కూడా ఏ మూల మళ్ళీ పూయాలో తెలుస్తుంది. కాబట్టి ఈ పరీక్ష అయ్యేదాకా రంగు డబ్బా తెరవకండి.

పడవ నీళ్ళలోకి వెళ్ళాక ఏటా వానలకు ముందు ఒకసారి బోర్లించి అడుగు చూసుకోండి. క్లాత్ దాకా గీత పడిన చోట రంగు పూసి కప్పేయొద్దు. మంచినీళ్ళతో కడిగి, ప్లాస్టిక్ ముక్క అంటించి తడి లేదని తేలాకే రుద్ది ఎపాక్సీ వేయండి. ఖాళీగా ఉంచే రోజుల్లో లోపల వాన నిలవకుండా బోర్లించి ఉంచండి, లేదా అడుగు బిరడా తీసి, బయటి మట్టానికి నీరు కారేలా కాస్త వాలుగా పెట్టండి.